ఉద్యోగార్థిని ఏమడుగవలెను?

ఉద్యోగమునకు మనిషిని ఎన్నుకొనుట పెద్ద కార్యాలయములకు మాత్రమే సంబంధించిన పని యని మనలో పలువురు తలంతురు. కాని కొంచెము పరికించి చూచినచో ఈ పని మన యిండ్లకు ఎంత దగ్గరగా నున్నదో తెలియగలదు. వీధి చివర మందుల దుకాణము నడుపువారు, ప్రయివేటు పాఠశాల నిర్వహించువారు, నలుగురు గుమాస్తాలతో ధాన్యపు వ్యాపారము చేయువారు, చిన్న ఆసుపత్రి పెట్టుకొన్న వైద్యులు, వీరందరును ఎప్పుడో ఒకప్పుడు ఒక క్రొత్త మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నలు వేయువారే. ఇక ఆ యెదుటి కుర్చీలో కూర్చుండువారు మన యిండ్లలోని పిల్లలే. కనుక ఈ విషయము అడుగువారిగనో, అడిగించుకొనువారిగనో మన శ్రోతలందరికిని సంబంధించినదే.

ప్రశ్న వేయుట మాకు వృత్తి. మైక్రోఫోను ముందు ఒకనాడు రైతును, ఒకనాడు వైద్యుని, ఒకనాడు చేనేత పనివానిని ప్రశ్నించుచుందుము. ప్రశ్న సరిగా కుదరకున్న జవాబు 'అవునండి', 'కాదండి' అను రెండు మాటలతో ముగిసిపోవును. రేడియోలో ప్రశ్న చెడినచో పదినిమిషముల కార్యక్రమము చెడును. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ప్రశ్న చెడినచో తగిన మనిషికి జీవనాధారము తప్పిపోవును. అడిగినవారికి తగని మనిషి దక్కును. నష్టము ఇరువైపుల వారిదియు నగుటచే, ఆ ప్రశ్నలను గూర్చి కొంత ముందుగ ఆలోచించుట అవసరము.

సాధారణముగ మన ఊళ్లలో జరుగు పద్ధతిని చూడుడు. అభ్యర్థి లోనికి వచ్చును. 'ఏ ఊరు బాబూ?' అనునది మొదటి ప్రశ్న. 'ఎవరి తాలూకు?' అనునది రెండవది. తెలిసినవారి పేరొకటి బయటపడినచో ముఖములు వికసించును. మాట బంధుత్వముల మీదికి పోవును. అటుపైన 'మీ గురించి చెప్పండి', 'మీలోని గొప్ప గుణమేమిటి, లోపమేమిటి?', 'ఐదేండ్ల తరువాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?' అను ప్రశ్నలు వచ్చును. వీనికి జవాబులు ఇప్పుడు పుస్తకములలోను, సెల్‌ఫోనులలోను సిద్ధముగ దొరకుచున్నవి. లోపమేమని అడిగినచో 'పని మొదలుపెడితే వేళ చూసుకోనండి' అని చెప్పవలెనని అభ్యర్థులు ముందే వల్లించి వచ్చుచున్నారు. పదిమందిని అడిగిన పదిమందియు ఆ పాఠమునే అప్పగింతురు. అట్టి జవాబులవలన భేదమేమియు తెలియదు కనుక, చివరకు నిర్ణయము దేనిమీద ఆధారపడును? తీరుమీద, మాటధాటిమీద, ఇంగ్లీషు ఉచ్చారణమీద, తన ఊరివాడగుటమీద. 'మనిషిని చూడగానే చెప్పేస్తాను' అని గర్వముగ చెప్పుకొను పెద్దలును కలరు. వారు ఎన్నుకొనినవారిలో కుదిరినవారు జ్ఞాపకముందురు. వారు పంపివేసినవారిలో ఎందరు మంచి పనివారైరో వారికి తెలియు మార్గము లేదు.

మరికొందరు దీనికి విరుగుడుగా జ్ఞానపరీక్ష పెట్టుదురు. ఈ మార్గమున పేరు మోసినవాడు థామస్ ఎడిసన్. ఆయన తనయొద్ద పనికి వచ్చు పట్టభద్రులకు 150కి అటునిటుగ ప్రశ్నలున్న పట్టిక నొకటి యిచ్చుచుండెను. 1921లో అది న్యూయార్కు పత్రికలలోనికి ఎక్కి పెద్ద చర్చకు దారితీసెను. ఫ్రాన్సు దేశపు సరిహద్దులేవి, శ్రేష్ఠమైన ప్రత్తి ఎక్కడ పండును అను రీతి ప్రశ్నలవి. ఆ సంవత్సరముననే అమెరికాకు వచ్చిన ఐన్‌స్టీనును బోస్టను నగరములో విలేఖరులు ఆ పట్టికలోని ప్రశ్న యొకటి అడిగిరి: ధ్వని వేగమెంత? పుస్తకములలో సులభముగ దొరకు విషయమును తాను బుర్రలో మోసికొని తిరుగనని ఆయన సమాధానము. ఎడిసన్ గొప్పతనమును మేము తక్కువ చేయుటలేదు. కాని ఆ ప్రశ్నలు అభ్యర్థికి ఏమి జ్ఞాపకమున్నదో తెలుపునే గాని, పనిలో ఎట్లు నడచుకొనునో తెలుపవు.

మరి పనికివచ్చు ప్రశ్న ఎట్లు పుట్టును? అది అభ్యర్థిని చూచి పుట్టరాదు. పనిని చూచి పుట్టవలెను. ఒక ఉదాహరణము తీసికొందము. ఒక మండల కేంద్రములో మందుల దుకాణము కలదనుకొందము. డాక్టరు చీటీ మీద అమ్మవలసిన మందులను నమోదైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇయ్యవలెనని నిబంధన గదా! ఆ ఫార్మసిస్టుకు సహాయముగ కౌంటరు దగ్గర ఒక మనిషి కావలెను. యజమాని ప్రశ్నలు వ్రాసికొనుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. ఇదివరకు ఆ చోట పనిచేసినవారిలో ఎవరు బాగుగ చేసిరి, ఎప్పుడు చిక్కు వచ్చెను, ఆ చిక్కులో వారేమి చేసిరి యని జ్ఞాపకము చేసికొని కాగితముమీద వ్రాయుట. ఒకే విధముగ వినిపించు పేర్లు గల రెండు మందులలో ఏది కావలెనో తెలియనప్పుడు ఊహించి యిచ్చినవాడొకడు, ఆగి ఫార్మసిస్టును అడిగినవాడొకడు. గడువు తేదీ దగ్గరపడిన మందులను తనంతట తాను ముందు వరుసలోనికి తీసి చూపినవాడొకడు, ఎవరైన చెప్పువరకు కదలనివాడొకడు. చీటీ లేక వచ్చి గట్టిగ అరచిన మనిషికి లొంగిపోయినవాడొకడు, మర్యాదగ నచ్చజెప్పి పంపినవాడొకడు.

ఇట్లు పనిలోని కీలక సంఘటనలను ప్రోగుచేయు పద్ధతిని రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా వైమానిక దళమునకు పనిచేసిన జాన్ ఫ్లానగన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు అభివృద్ధి చేసి, 1954లో ఒక వ్యాసముగ ప్రకటించెను. మందుల దుకాణపు యజమానికి ఆ వ్యాసముతో పనిలేదు. పాత అనుభవములు ఐదారింటిని కాగితముమీద పెట్టుకొనినచో చాలును. ఆ పనికి కావలసిన గుణములు వానిలోనే కనుపించును: అనుమానము వచ్చినప్పుడు ఆగుట, చెప్పక మునుపే చూచుకొనుట, కోపముగానున్న మనిషితో నిదానముగ మాటలాడుట, చిల్లర లెక్కలో శ్రద్ధ. ఈ నాలుగింటికిని ఒక్కొక్క ప్రశ్న, మహా యైన రెండేసి ప్రశ్నలు. అంతకు మించి అవసరము లేదు.

ఇప్పుడు ప్రశ్న రూపమును చూతము. 'మీకు ఓపిక ఉందా?' అని అడిగితిమనుకొనుడు. లేదని చెప్పి ఉద్యోగము పోగొట్టుకొనువారుందురా? అది ప్రశ్న కాదు. జవాబును నోటిలో పెట్టి అప్పగించుట. దానికి బదులుగ ఇట్లడుగవచ్చును: 'మీరు పనిచేసిన చోట ఎప్పుడైనా ఎవరైనా మీ మీద కోప్పడ్డ సందర్భం ఒకటి చెప్పండి. అప్పుడేం జరిగింది? మీరేమన్నారు? చివరికి ఎట్లా ముగిసింది?' ఇది గడచిన పనిని అడుగు ప్రశ్న. 1982లో టామ్ జాంజ్ అను పరిశోధకుడు ఈ పద్ధతిని ప్రత్యేకముగ పరిశీలించి వ్రాసెను. మనిషి ఇకముందు ఏమి చేయునో తెలిసికొనుటకు, ఇదివరకు అటువంటి పరిస్థితిలో ఏమి చేసెనో అడుగుట మంచిదను ఊహ దీనికి ఆధారము. మన పెద్దలకును ఇది తెలియనిది కాదు. ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచి ఊరుకొనడు. నాగలికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును.

ఇట్టి ప్రశ్నకు మొదటి జవాబు తరచుగ పైపైన ఉండును. 'అందరితో మంచిగానే ఉండేవాడినండి' అని అభ్యర్థి తప్పించుకొనవచ్చును. అప్పుడు వదలిపెట్టరాదు, గద్దింపరాదు. 'సరే, ఒక్క రోజు సంగతి చెప్పండి' అని మెల్లగ అడుగవలెను. 'అప్పుడు దుకాణంలో ఇంకెవరున్నారు?', 'మీ వంతు ఏమిటి, మిగిలినవారి వంతు ఏమిటి?', 'మరొకసారి అటువంటిదే వస్తే ఏం మారుస్తారు?' అను చిన్న ప్రశ్నలు చాల సంగతిని బయటకు తెచ్చును. నిజముగ చేసినవానికి వివరములు ఉండును: వేళ, మనుష్యులు, మాటలు. కల్పించి చెప్పువాడు రెండవ ప్రశ్నకు, మూడవ ప్రశ్నకు మరల 'అందరితో మంచిగా' అను మాటకే తిరిగివచ్చును.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహము కలదు. చదువు ముగించి మొదటిసారి పనికి వచ్చిన పిల్లవాడు గడచిన ఉద్యోగమును గూర్చి ఏమి చెప్పగలడు? అతనిని ఇంటిపనిని గూర్చియు, కళాశాలలో చేసిన పనిని గూర్చియు, తండ్రికి పొలములోనో అంగడిలోనో చేసిన సాయమును గూర్చియు అడుగవచ్చును. అవియును పనులే. లేదా పరిస్థితి నొకదానిని వర్ణించి, ఏమి చేయుదువని అడుగవచ్చును. 1980లో గ్యారీ లేథమ్ మొదలగువారు ఈ రెండవ పద్ధతిని ప్రకటించిరి. మన దుకాణమునకు అది ఇట్లుండును: 'రాత్రి తొమ్మిదయింది. ఫార్మసిస్టు భోజనానికి వెళ్లారు. ఒక పెద్దాయన వచ్చి, ఇంట్లో మనిషికి బాగాలేదు, పాత చీటీ పోయింది, నిరుడు ఇచ్చిన మందే ఇప్పుడూ ఇమ్మంటున్నారు. మీరేం చేస్తారు?' ఈ ప్రశ్న వేయుటకు ముందే ఏది మంచి జవాబో, ఏది మధ్యమమో, ఏది చెడ్డదో యజమాని వ్రాసికొని యుండవలెను. వెంటనే మందు తీసి యిచ్చుట చెడ్డ జవాబు. లేదని పంపివేయుట మధ్యమము. పెద్దాయనను కూర్చుండబెట్టి, ఫార్మసిస్టుకు ఫోను చేసి, రోగి పరిస్థితి ప్రమాదకరముగ తోచినచో దగ్గరి ఆసుపత్రికి దారి చూపుట మంచి జవాబు. ఈ కొలత ముందుగ లేనిచో, మనకు నచ్చిన మనిషి చెప్పిన జవాబే మంచి జవాబుగ వినిపించును.

మాటలకంటె పనియే స్పష్టముగ మాటలాడు సందర్భములును కలవు. పది మందు డబ్బాలు బల్లమీద పెట్టి, గడువు తేదీల ప్రకారము అమర్చుమనుట. నాలుగు వస్తువుల బిల్లు వేసి చిల్లర లెక్క చెప్పుమనుట. పది నిమిషముల పని. రేడియోలో మేము ప్రకటనకర్తను ఎన్నుకొనునప్పుడు 'మీకు వార్తలు చదువుట వచ్చునా?' అని అడిగి ఊరుకొనము. కాగితము చేతికిచ్చి చదివించి విందుము. వంటవానిచేత కూర వండించి చూచుట, ఉపాధ్యాయురాలిచేత ఒక పాఠము చెప్పించుట, ఇవన్నియు ఈ కోవలోనివే. అయితే పరీక్ష పేరుతో మూడు రోజులు ఉచితముగ పని చేయించుకొనుట పరీక్ష కాదు. అది కూలి ఎగవేయుట.

ఎంత మంచి ప్రశ్నయైనను అందరికి ఒక్కటిగ వేయనిచో దాని విలువ సగము పోవును. ఒకనిని ఓపికను గూర్చి, ఇంకొకనిని లెక్కలను గూర్చి, మూడవవానిని వాళ్ల మామగారి ఆరోగ్యమును గూర్చి అడిగి, ముగ్గురిని పోల్చుట ఎట్లు? మూడు వేర్వేరు పరీక్షలు వ్రాసినవారికి ఒకే వరుసలో మార్కులు వేయుట వంటిది ఆ పని. అవే ప్రశ్నలు, అదే వరుస, ఇంచుమించు అంతే కాలము. ప్రతి జవాబుకు అప్పటికప్పుడే ఒకటినుండి ఐదువరకు మార్కు వేసికొనవలెను. ప్రశ్నించువారు ఇద్దరో ముగ్గురో అయినచో, ఎవరి మార్కులు వారు విడిగ వేసిన తరువాతనే ఒకరితో ఒకరు మాటలాడుకొనవలెను. పెద్దవారు ముందుగ 'కుర్రవాడు బాగున్నాడే' అనినచో తక్కినవారి కలములు అటే వ్రాలును.

ఇది మా ఊహ మాత్రమే కాదు. దాదాపు నూరేండ్లుగ ఈ విషయముపై పరిశోధనలు జరుగుచున్నవి. పాల్ శాకెట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పూర్వపు పరిశోధనలను తిరిగి లెక్కించి 2022లో ఫలితములు ప్రకటించిరి. ఇంటర్వ్యూలో వచ్చిన అంచనాకును, తరువాత పనిలో కనబడిన సామర్థ్యమునకును పూర్తి పొందిక యున్నచో 1 అనియు, ఏ సంబంధమును లేనిచో సున్న యనియు అనుకొనుడు. తోచినట్లు నడపిన ఇంటర్వ్యూకు వచ్చిన అంకె 0.19. ముందుగ ప్రశ్నలు నిర్ణయించుకొని, అందరికి ఒకే విధముగ వేసి, కొలత ప్రకారము మార్కులిచ్చిన ఇంటర్వ్యూకు వచ్చిన అంకె 0.42. రెండవదియు 1కి చాల దూరముననే యున్నది గదా! మంచి ఇంటర్వ్యూ సైతము జోస్యము కాదు. కాని ఒక కాగితము, ఒక కలము, ఒక గంట ముందాలోచన ఇంత భేదము చేయుననుట గమనింపదగినది.

ఇక అడుగు తీరు. అభ్యర్థి ఒకవేళ ఆరు గంటల బస్సు ఎక్కి, ఏమియు తినకయే వచ్చియుండవచ్చును. కూర్చుండుమని చెప్పి, మంచినీళ్లిచ్చి, ఈ మాట ఎంతసేపు సాగునో ముందుగ చెప్పినచో అతని గొంతు కుదుటపడును. ఒకసారి ఒక ప్రశ్నయే వేయవలెను. వేసిన తరువాత ఊరకుండవలెను. ఇది మాకును కష్టముగనే అలవడినది. మైక్రోఫోను ముందు మూడు క్షణముల మౌనము మూడు నిమిషములుగ తోచును. కాని ఆ మౌనములోనే ఎదుటివారు తమ అసలు మాట వెదకుకొందురు. ప్రశ్నించువారే సగము కాలము మాటలాడినచో అది ఇంటర్వ్యూ కాదు, ఉపన్యాసము. మరియొక సంగతి. ఉద్యోగమునకు ఇంగ్లీషు అవసరము లేనప్పుడు తెలుగులోనే ప్రశ్నింపవలెను. పల్లెనుండి వచ్చి కౌంటరు దగ్గర తెలుగులో మాటలాడవలసిన పిల్లను ఇంగ్లీషులో అడిగి, ఆమె తడబాటును తెలివితక్కువతనముగ లెక్కించుట అన్యాయము. అవతలి ప్రక్క అదే పిల్ల కౌంటరు దగ్గర ముసలమ్మకు మందు వేళలు ఎంత చక్కగ చెప్పగలదో మనకు తెలియకయే పోవును.

అడుగవలసిన వానితోపాటు అడుగరానివియు కలవు. కులమేది, పెండ్లి ఎప్పుడు, పిల్లలను ఎప్పుడు కందురు అను ప్రశ్నలకును కౌంటరు పనికిని ఏమి సంబంధము? ప్రభుత్వోద్యోగముల విషయమున మత, కుల, లింగ, జన్మస్థలాది భేదములు పాటింపరాదని రాజ్యాంగపు 16వ అధికరణము శాసించుచున్నది. 1976 నాటి సమాన వేతన చట్టము స్త్రీలను పనిలోనికి తీసికొనునప్పుడే వివక్షను నిషేధించెను. దాని స్థానమున వచ్చిన 2019 వేతనముల స్మృతియు ఆ నిషేధమును నిలిపియుంచినది. చట్టములున్నను ప్రశ్నలు ఎంత దూరము పోగలవో చూపు సంఘటన యొకటి 1991లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను. భారతీయ జీవిత బీమా సంస్థలో చేరిన ఒక యువతి ప్రసూతి సెలవు తీసికొనగా, పరిశీలన కాలములోనే ఆమెను తొలగించిరి. ఉద్యోగమున చేరునప్పుడు నింపిన పత్రములో ఋతుక్రమమును గూర్చి సరియైన వివరము తెలుపలేదని సంస్థ వాదించెను. ఋతువేళలు, పూర్వపు గర్భములు మొదలగు సంగతులన్నియు ఆ పత్రములో అడిగియుండిరి. అట్టి ప్రశ్నలు స్త్రీ మర్యాదకు భంగకరములనియు, వానిని పత్రమునుండి తొలగింపవలెననియు చెప్పి, న్యాయస్థానము ఆమెను తిరిగి ఉద్యోగములోనికి తీసికొనుమని ఆజ్ఞాపించెను. నేటికిని పెండ్లియైన పిల్లలను 'మరి ఇంట్లో ఒప్పుకున్నారా?' అని అడుగు ఇంటర్వ్యూలు మన మధ్య జరుగుచున్నవి. ఆ ప్రశ్న ఆమె అన్నను ఎవరైన అడిగిరా? రాత్రి తొమ్మిదివరకు ఉండవలసిన పనియైనచో, 'పని వేళలు ఇవి, మీకు వీలవుతుందా?' అని స్త్రీని, పురుషుని ఒకే మాట అడుగవచ్చును. కావలసిన సమాచారము దొరకును. ఎవరి మర్యాదకును లోటు రాదు.

ప్రశ్నలమీద నమ్మకము పోయినచో ఏమగునో మన దేశపు అనుభవమే చెప్పుచున్నది. శ్రీనగరములోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ప్రవేశములలో 150 మార్కులకు 50 మార్కులు మౌఖిక పరీక్షకు కేటాయించిరి. అభ్యర్థికి రెండు మూడు నిమిషములు కేటాయించి, తల్లిదండ్రులను గూర్చి, నివాసమును గూర్చి అడిగి పంపిరని విద్యార్థులు కోర్టుకెక్కిరి. 1980 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, అట్టి ప్రవేశములలో మౌఖిక పరీక్షకు నూటికి 15 మార్కులకు మించి కేటాయించుట యుక్తము కాదనెను. ఆ తీర్పులో మా వృత్తివారికి ప్రత్యేకముగ తోచిన మాట యొకటి కలదు. ఇంటర్వ్యూలను టేపురికార్డు చేయుట మంచిదనియు, అప్పుడు ఏమడిగిరో, ఏమి జవాబు వచ్చెనో సాక్ష్యముండుననియు న్యాయమూర్తులు సూచించిరి. అది కళాశాల ప్రవేశముల సంగతియే యైనను, అందులోని నీతి ఉద్యోగములకును వర్తించును. తరువాతి కాలమున, 2016 జనవరి 1 నుండి కేంద్రప్రభుత్వము తన క్రింది తరగతి ఉద్యోగములకు ఇంటర్వ్యూలనే తీసివేసెను. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూపు-1 ఉద్యోగములకును తీసివేసెను. సివిల్ సర్వీసు పరీక్షలో మాత్రము 2025 మార్కులకు 275 మార్కులు మౌఖిక పరీక్షకు నిలిచియున్నవి.

ప్రభుత్వమునకు వ్రాతపరీక్ష కలదు. ఇంటర్వ్యూ తీసివేసినను పని నడచును. మన మందుల దుకాణమునకు, చిన్న పాఠశాలకు అట్టి వీలు లేదు. అక్కడ ఆ యిరువది నిమిషముల మాటయే పరీక్ష. దానిమీద అప్పీలు లేదు. చూచు న్యాయమూర్తియు లేడు. అందుచేత అక్కడ ప్రశ్నించువారు, కోర్టు కోరిన టేపురికార్డు తమ బల్లమీద తిరుగుచున్నట్లే భావించి అడుగుట మేలు. ఈ ప్రశ్న పదిమంది విన్నను నాకు సిగ్గు లేదు గదా యని తమను తాము అడిగికొనినచో చెడ్డ ప్రశ్నలు చాలవరకు నోటివరకు రావు.

ముగింపునకు ముందు అభ్యర్థికిని ప్రశ్నించు అవకాశమీయవలెను. జీతమెంత, వారపు సెలవు ఏది, ఎవరి క్రింద పని అను సంగతులు అతడు అడుగుటకు జంకుచున్నచో మనమే చెప్పవలెను. ఫలితము ఎప్పుడు తెలియునో తేదీ చెప్పి, ఆ తేదీన చెప్పవలెను. ఎన్నుకొననివారికి సైతము ఒక ఫోనో, రెండు వాక్యముల ఉత్తరమో పంపవలెను. 'తరువాత కబురు చేస్తాము' అను మాటను నమ్మి నెల రోజులు వేరొక పనికి పోక ఎదురుచూచిన కుటుంబములు మన ఊళ్లలో ఎన్ని లేవు!

రేపో ఎల్లుండియో ఒక క్రొత్త మనిషిని పనికి తీసికొనదలచిన శ్రోతలకు మా మనవి ఒక్కటే. ముందు ఒక తెల్లకాగితము తీసికొని, ఆ పనిలో మంచి చెడ్డలు తేలిన ఐదు సందర్భములు వ్రాయుడు. ఐదింటిని ఐదు ప్రశ్నలుగ మార్చుడు. ప్రతి ప్రశ్న ప్రక్కన ఎట్టి జవాబు మంచిదో వ్రాసికొనుడు. వచ్చినవారందరిని అవియే అడిగి, మార్కులు వేసికొని, ఆ తరువాతనే 'ఏ ఊరు బాబూ?' అని కుశలమడుగుడు. ఇక పిల్లలను ఇంటర్వ్యూలకు పంపు తల్లిదండ్రులు, వల్లించిన జవాబులకు బదులుగ, తాము నిజముగ చేసిన పనులు నాలుగు వివరముగ చెప్పుటను పిల్లలకు అలవాటు చేయుదురుగాక. అడుగువారు పనిని గూర్చి అడిగి, చెప్పువారు చేసిన పనిని గూర్చి చెప్పినచో, ఆ గదిలోనుండి ఎవరు ఎన్నికై వెలువడినను తక్కినవారికి అన్యాయము జరిగినదను బాధ యుండదు.